మాత్రలు మానితేనే విశ్వాసమా?

ప్రశ్న: మా తమ్ముడికి 29 ఏళ్లు. ఆరేళ్ల కిందట వారం రోజులు నిద్రలేకుండా తిరిగి, ఉన్న డబ్బంతా పంచేసి, తనే ప్రవక్తనని గుడిలో మైకు లాక్కుంటే పెద్దాసుపత్రిలో చూపించాం. బైపోలార్ అన్నారు, మనసు ఒకప్పుడు హద్దు లేకుండా పొంగి, ఒకప్పుడు బాగా కుంగిపోయే జబ్బట. లిథియం మాత్రలతో బాగానే ఉన్నాడు, మోటార్లు బాగుచేసే షాపులో పనికి కూడా వెళ్తున్నాడు. ఇప్పుడు మా సంఘ కాపరి అయ్యగారు ఇది దురాత్మ పని అని, మాత్రలు మింగినంతకాలం విశ్వాసం లేనట్టేనని అంటున్నారు. వచ్చే నెల మూడు రోజుల ఉపవాస కూటాల్లో మాత్రల డబ్బా అందరి ముందూ పారేసి సాక్ష్యం చెప్పాలట. అమ్మ సరేనంది. నేను వద్దంటే సంఘానికి ఎదురుతిరిగినట్టు చూస్తున్నారు. ఏం చేయను?
- పేరు వద్దన్న అక్క, తెనాలి దగ్గర పల్లె

జవాబు: అమ్మా, విశ్వాసం సంగతి తర్వాత, ముందు నీళ్ల సంగతి. లిథియం వేసుకునే మనిషి తిండీ నీళ్లూ మానేసి ఎండలో పందిరి కింద మూడు రోజులు కూర్చుంటే ఒంట్లో నీరూ ఉప్పూ తగ్గి రక్తంలో లిథియం పెరిగిపోతుంది, మోతాదు మించితే అది విషమే. చేతులు బాగా వణకడం, వాంతులు, విరేచనాలు, తూలి నడవడం, మాట ముద్దగా రావడం, వీటిలో ఏది కనిపించినా ప్రార్థన అయ్యేదాకా ఆగకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి. పోనీ మాత్రలు మానేసే ఉపవాసం ఉంటాడనుకుందాం. ఉన్నట్టుండి ఆపితే జబ్బు తిరగబెట్టే ప్రమాదం ఎక్కువ, పైగా రాత్రంతా మేలుకునే కూటాలు, ఈ జబ్బులో నిద్ర చెడితే చాలాసార్లు మిగతావన్నీ దాని వెనకే వస్తాయి. కాబట్టి వేసుకుని ఉన్నా ముప్పే, మానేసి ఉన్నా ముప్పే. అంతగా అయితే ఉపవాసం అమ్మని ఉండమనండి, తమ్ముడి పేరున. తమ్ముడు మాత్రం అన్నం తిని, నీళ్లు తాగి, టైముకి పడుకోవాలి. మాత్రలు తగ్గించాలన్నా మార్చాలన్నా అది రక్తపరీక్ష చూసి డాక్టరు చెప్పాల్సిన మాట.

ఇక అయ్యగారి దగ్గరికి మత్తయి 4:24 తీసుకుని వెళ్లండి. దెబ్బలాటకి వద్దు, మెల్లగానే. యేసు దగ్గరికి తెచ్చినవాళ్లలో దయ్యం పట్టినవాళ్లని, చాంద్రరోగుల్ని, పక్షవాయువు వచ్చినవాళ్లని అక్కడ వేరువేరుగా చెప్పారు. చాంద్రరోగమంటే మూర్ఛ. మరి 17వ అధ్యాయంలో చాంద్రరోగమున్న కుర్రాడిలోంచి దయ్యాన్ని వెళ్లగొట్టారు కదా అని ఆయన అడుగుతారు, అడగాలి కూడా. అయినా ఇవాళ గుడిలో ఎవరికైనా మూర్ఛ వస్తే పక్కకి పడుకోబెట్టి ఆసుపత్రికే తీసుకెళ్తున్నాం, మాత్రలు మానమని ఎవరం చెప్పడం లేదు. మూర్ఛకి ఇచ్చిన ఆ వెసులుబాటు మీ తమ్ముడి జబ్బుకి ఎందుకు ఇవ్వరో అడగండి.

ప్రార్థన చాలక జబ్బు వచ్చిందనే మాట వింటే నాకు డొరొతీ కేరీ గుర్తొస్తుంది. ఆవిడ భర్త విలియం కేరీ, 1814లో తెలుగు వ్యాకరణం రాసి శ్రీరాంపూర్‌లో అచ్చువేసిన మిషనరీ. బెంగాల్ వచ్చిన మరుసటి ఏడాది, 1794లో, వాళ్ల అయిదేళ్ల పీటర్ చనిపోయాడు, ఆ తర్వాత ఆమె మనసు చెదిరిపోయింది. భర్త మీద లేనిపోని అనుమానాలు, ఆయన మీదికి వెళ్లడం, చివరికి గదిలో పెట్టి చూసుకోవాల్సి వచ్చింది. 1807లో పోయేదాకా కోలుకోలేదు. ఆ ఇంట్లో ప్రార్థన తక్కువైందని ఎవరైనా అనగలరా? పక్క గదిలో బైబిలు అనువాదం నడుస్తోంది! లేనిదల్లా మందు. లిథియం ఇలాంటి జబ్బుకి పనికొస్తుందని ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ అనే డాక్టరు ప్రకటించింది 1949లో. అది ఇవాళ మీ ఇంటి అలమరలో ఉంది, దాన్ని పారేయమంటున్నారు.

మందు కూడా దేవుడి దయే అని మీ అమ్మగారితో అనడానికి మొహమాటపడకండి. ఆవిడ వేరే డాక్టరు మాట కూడా వింటానంటే వేలూరు సీఎంసీ ఉంది, మిషనరీ ఆసుపత్రే. బాగాయంలో 1957లో మొదలైన వాళ్ల మానసిక వైద్య విభాగంలో రోగితో పాటు ఇంట్లోవాళ్లని కూడా ఉండమంటారు, జబ్బు గురించి వాళ్లకీ నేర్పుతారు. దూరం అనుకుంటే ఇప్పుడు చూపిస్తున్న చోటే చాలు, బాగున్నదాన్ని కదపక్కర్లేదు.

మా మేనమామకి స్కిజోఫ్రీనియా. నెలనెలా ఆసుపత్రికి వెళ్లనని మొండికేస్తే మా గుడిలో ఆటో నడిపే ఒకాయన పొద్దున్నే వచ్చి, టీ తాగి, "పదండి బావగారూ, నాకూ అటే పని ఉంది" అనేవాడు. ఆయనకి అక్కడ పనేమీ లేదు. పన్నెండేళ్లు అలాగే తీసుకెళ్లాడు, ఓపీ చీటీ కోసం లైన్లో కూడా ఆయనే నిలబడేవాడు. మీ సంఘంలో అలాంటి మనిషి ఒక్కరున్నారేమో వెతకండి. సాక్ష్యం అంటారా, ఆరేళ్లుగా మాత్ర మానకుండా పనికి వెళ్తున్నానని తమ్ముడు చెప్తే అది సాక్ష్యం కాదా? చెప్పాలనిపిస్తేనే సుమా, బలవంతం వద్దు.

ప్రశ్న: నర్సింగ్ రెండో ఏడాది. డిప్రెషన్‌కి మందులు వాడుతున్నాను. బైబిలు తెరవబుద్ధి కాదు, ప్రార్థనలో ఏడుపే వస్తుంది, చచ్చిపోతే బాగుండనిపిస్తుంది. నా విశ్వాసం పోయిందా?
- హైదరాబాద్ హాస్టల్ నుంచి

జవాబు: పోలేదు తల్లీ. నీకు బాగాలేదు, అంతే. ఏలీయా ప్రవక్త అంతటివాడు బదరీవృక్షం కింద కూర్చుని ఇక చాలు, నా ప్రాణం తీసుకోమన్నాడు (1 రాజులు 19). దేవదూత వచ్చి గద్దించలేదు, వాక్యం చెప్పలేదు, నిప్పుల మీద కాల్చిన రొట్టె పెట్టి, నీళ్లిచ్చి, తినమంది. తిని మళ్లీ పడుకున్నాడు, మళ్లీ లేపి పెట్టింది. నువ్వు ఈ వారం చేయాల్సిందీ అంతే, మెస్సుకి వెళ్లి తిను, పడుకో, మందు వేసుకో. చదవలేకపోతే 88వ కీర్తన ఒక్కటి చూడు, చివరిదాకా చీకటే, అయినా అది బైబిల్లో ఉంది. చనిపోవాలనే ఆలోచన మాత్రం దాచుకోకు, నీ డాక్టరుకి ఇవాళే చెప్పు, రూమ్మేట్‌కి చెప్పి రాత్రి తోడుండమను. మానసిక ఇబ్బందులకి సర్కారు పెట్టిన ఫోను సాయం టెలీ మానస్, 14416కి ఏ వేళలో చేసినా ఎత్తుతారు, డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడొచ్చు. ఆ ఆలోచన ఆగకుండా తిరుగుతుంటే ఫోనుతో సరిపెట్టుకోకు, ఎవరినైనా వెంటబెట్టుకుని ఆసుపత్రికి వెళ్లిపో.

ప్రశ్న: నేను చిన్న సంఘానికి కాపరిని. దయ్యమో జబ్బో తేల్చమని మనుషుల్ని నా దగ్గరికి తెస్తారు. ఎలా తేల్చాలి?
- ప్రకాశం జిల్లా

జవాబు: అయ్యగారూ, అడిగినందుకు సంతోషం. తేల్చే బరువు మీరెందుకు మోయాలి? చేతులుంచి ప్రార్థన చేయండి, అదే రోజు ఆసుపత్రికి కూడా పంపండి, వీలైతే మీరే వెంట వెళ్లండి, మీరు వెళ్తే ఇంట్లోవాళ్ల భయం సగం తగ్గుతుంది. బాగుపడే దాకా ఉంచండి అని మందిరంలో వదిలేయబోతే ఒప్పుకోకండి. 2001 ఆగస్టు 6న తమిళనాడు ఎర్వాడిలో దర్గా దగ్గరి ఆశ్రమం తగలబడితే గొలుసులతో కట్టేసి ఉన్నవాళ్లు కదల్లేక 28 మంది చనిపోయారు. వాళ్లనీ నయమవుతుందనే నమ్మకంతోనే తెచ్చారు. మానసిక రోగిని గొలుసులతో కట్టడాన్ని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది కూడా.

ఇంకోటి, చిన్నదే కానీ మర్చిపోతాం. ఆదివారం ప్రార్థన మనవుల్లో "ఫలానా వారి అబ్బాయికి మతి బాగాలేదు" అని మైకులో చదవకండి. ఆ పిల్లవాడి పెళ్లి సంబంధం, ఉద్యోగం ఆ ఊళ్లోనే ఉంటాయి. పేరు మీ జేబులోని కాగితం మీద ఉంటే చాలు.