మగపిల్లి ట్రేలో కూర్చుని ముక్కుతుంటే మలబద్ధకం అనుకోకండి

ప్రశ్న: డాక్టర్ గారూ నమస్తే. మాది గుంటూరు, అపార్ట్‌మెంట్‌లో ఉంటాం. మా చింటూకి నాలుగేళ్లు, న్యూటరింగ్ (పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్) అయిన మగపిల్లి, ఆరు కిలోలు ఉంటాడు, తినేది డ్రై ఫుడ్ ఒక్కటే. మొన్నామధ్య ఒకరోజు పొద్దున్నుంచి ఊరికే మలమూత్రాల కోసం పెట్టిన ట్రేలోకి వెళ్లడం, కూర్చుని ముక్కడం, ఏమీ రాకుండానే బయటికి రావడం. విరేచనం అవ్వట్లేదేమో అని మా అత్తగారు కాస్త ఆముదం పట్టించారు. మర్నాడు పచ్చగా వాంతి చేసుకుని మంచం కింద దూరాడు, పిలిచినా రాలేదు. హాస్పిటల్‌కి తీసుకెళ్తే యూరిన్ బ్లాక్ అయిందన్నారు, మత్తిచ్చి పైపు వేసి మూడు రోజులు ఉంచుకున్నారు. ఇంటికొచ్చి ఐదు రోజులైంది, నిన్నటి నుంచి మళ్లీ ట్రే చుట్టూ తిరుగుతున్నాడు. మళ్లీ బ్లాక్ అయిందా? ఇవి రాళ్లేనా? యాంటీబయాటిక్ ఎందుకు రాయలేదు? మళ్లీ రాకుండా ఏం చెయ్యాలి?
- ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: అమ్మా, మీ మెయిల్ చూడగానే ఫోన్ చేశాను కదా, ఇది పత్రిక వచ్చేదాకా ఆగే విషయం కాదు. ఆరోజు నేను అడిగిన మొదటి మాట గుర్తుందా, ట్రేలో తడి పడుతోందా లేదా అని. ట్రేలో పోసే లిట్టర్ పొడి మూత్రం తగిలితే ఉండకడుతుంది. మీరు వెళ్లి చూసి లిట్టర్‌లో ఉసిరికాయంత ఉండ కూడా లేదండీ, పెసరగింజల్లాంటి చిన్న చిన్న ఉండలున్నాయి, ఒకదాని మీద గులాబీ రంగుంది అన్నారు. అంటే చుక్కలు చుక్కలుగానైనా వస్తోంది, పూర్తిగా మూసుకుపోలేదన్నమాట, అయినా సరే అదేరోజు చూపించమన్నాను, చూపించారు, బ్లాడర్ మెత్తగానే ఉందని చెప్పారు. పైపు తీసిన మొదటి వారం పది రోజులు లోపల వాపు ఉంటుంది, నాళం బిగుసుకుంటుంది, మళ్లీ మూసుకుపోయే భయం ఎక్కువుండేది అప్పుడే. అందుకే ఇప్పుడు రోజూ ట్రే తీసేటప్పుడు ఉండలు లెక్కపెట్టండి. ఆరోగ్యంగా ఉన్న పిల్లి మామూలుగా రోజుకి రెండు నుంచి నాలుగు సార్లు పోస్తుంది, ఉండలు కూడా పెద్దవిగా ఉంటాయి. ఇసుకో మట్టో వాడేవాళ్లకి ఇది తెలీదు, వాళ్లు ఖాళీ ట్రేలో తెల్ల కాగితం పరిచి చూడొచ్చు.

మగపిల్లికే ఎందుకిలా అంటే దాని మూత్రనాళం పొడుగ్గా ఉండి చివరికొచ్చేసరికి మరీ సన్నబడిపోతుంది. ఆడపిల్లుల నాళం పొట్టి, వెడల్పు, కాబట్టి వాటికి మంట, రక్తం వచ్చినా మూసుకుపోవడం చాలా అరుదు. మగవాటిలో జిగురు, క్రిస్టల్స్ (మూత్రంలో ఏర్పడే సన్నటి పలుకులు) కలిసి ముద్దకట్టి చివర బిరడాలా పట్టేస్తాయి, ఒక్కోసారి చిన్న రాయి, ఒక్కోసారి ఏ అడ్డూ ఉండదు, ఉత్త వాపుకే దారి మూసుకుపోతుంది. ఇక పొయ్యాల్సింది లోపలే ఉండిపోయి బ్లాడర్ బత్తాయిలా గట్టిపడుతుంది, కిడ్నీలు పనిచెయ్యడం ఆపేస్తాయి, రక్తంలో పొటాషియం పెరిగిపోయి గుండె నెమ్మదిస్తుంది. పూర్తిగా బ్లాక్ అయిన పిల్లి రెండు మూడు రోజుల్లో చచ్చిపోతుంది. చింటూ మంచం కింద దూరాడన్నారే, అది అలిగి కాదమ్మా, అప్పటికే ఒళ్లంతా విషం ఎక్కుతోంది. ఆ రోజు మీరు ఇంకో రాత్రి చూద్దాం అనుకోకుండా తీసుకెళ్లారు, అందుకే ఇవాళ ఉన్నాడు.

ఆముదం విషయంలో మీ అత్తగారిని ఏమీ అనకండి, నా దగ్గరికొచ్చేవాళ్లలో చాలామంది మొదట అనుకునేది మలబద్ధకమనే, ఎందుకంటే ముక్కడం అచ్చం అలాగే కనిపిస్తుంది. కానీ మగపిల్లి ముక్కుతోందంటే ముందు మూత్రమే అనుకోవాలి, కాదని తేలితే సంతోషం. నోట్లో నూనె పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదముంది, పైగా ఒక రోజు పోతుంది. బార్లీ నీళ్లు, పల్లేరు కషాయం సిరంజితో పట్టించేవాళ్లూ ఉన్నారు, మూసుకున్న దారికి పైనుంచి ఇంకా నీళ్లు పోస్తే ఏమవుతుందో ఆలోచించండి. పొట్ట నొక్కి తెప్పిద్దాం అని అసలు అనుకోవద్దు, బిగిసిన బ్లాడర్ పగిలిపోగలదు. అన్నిటికన్నా భయపడేది పారాసెటమాల్‌కి, నొప్పితో అరుస్తోంది కదా అని ఇంట్లో ఉన్న మాత్ర వేస్తారు, మనం వేసుకునే మాత్ర ఒక్కటి చాలు పిల్లి ప్రాణం తియ్యడానికి, దాని లివర్ ఆ మందుని విరగ్గొట్టలేదు. ఐబుప్రోఫెన్, డైక్లోఫినాక్ కూడా వద్దు. నొప్పికి పిల్లులకిచ్చే మందులు వేరే ఉన్నాయి, నొప్పి తగ్గించడం ఈ వైద్యంలో పెద్ద భాగమే, అది డాక్టర్ చేత్తోనే జరగాలి.

యాంటీబయాటిక్ రాయలేదని మీరు కంగారు పడ్డారు కానీ ఆ డాక్టర్ సరిగ్గానే చేశారు. మనుషుల్లోలాగా ఇన్ఫెక్షన్ వల్ల మంట రావడం చిన్న వయసు పిల్లుల్లో తక్కువ, పదేళ్లు దాటినవాటిలో, షుగరు, కిడ్నీ జబ్బు ఉన్నవాటిలో ఎక్కువ. చింటూ వయసు పిల్లుల్లో ఎక్కువసార్లు కనిపించేది కారణం పెట్టి చెప్పలేని బ్లాడర్ వాపు, దానికీ మానసిక ఒత్తిడికీ దగ్గరి సంబంధం ఉంది. ఇంట్లో ఏమైనా మారిందా అని ఫోన్లో గుచ్చి గుచ్చి అడిగింది అందుకే. పక్క ఫ్లాట్‌లో నెలరోజులుగా టైల్స్ కొడుతున్నారు, సంక్రాంతికొచ్చిన పిల్లలు వాణ్ని వదల్లేదు, ట్రేని బాల్కనీలోంచి వాషింగ్ మెషీన్ పక్కకి మార్చాం అన్నారు. మనకివి లెక్కలోవి కావు, పిల్లికి ఇవన్నీ పెద్దవి. ట్రే పాతచోటే పెట్టండి, వాడొక్కడే అయినా రెండు ట్రేలుండాలి, ఎవరూ కదిలించని ఎత్తైన చోటు ఒకటి వాడికి వదిలెయ్యండి, బీరువా పైన అయినా సరే.

తిండి గురించి. డ్రై ఫుడ్‌లో నీరు దాదాపు పది శాతమే, పౌచ్‌లో వచ్చే వెట్ ఫుడ్‌లో 75 నుంచి 80 శాతం దాకా ఉంటుంది. పిల్లుల పూర్వీకులు ఎడారి జంతువులు, వాటికి దాహం తక్కువ, తిండిలోంచే నీళ్లు తీసుకునే అలవాటు, అందుకే ఉత్త డ్రై ఫుడ్ తినేదాని మూత్రం చిక్కగా ఉంటుంది. కాబట్టి మెల్లమెల్లగా వెట్ ఫుడ్ వైపు మార్చండి, మొత్తం కొనడం కష్టమైతే సగమైనా మార్చి మిగతాదాంట్లో గోరువెచ్చని నీళ్లు కలపండి. చేపో చికెనో ఉడకబెట్టిన నీళ్లు ఇష్టంగా తాగుతారు, ఉప్పు, ఉల్లిపాయ, వెల్లుల్లి ఏదీ తగలకూడదు. నీళ్లు వెడల్పాటి మట్టి మూకుడులో పోసి అన్నం గిన్నెకి దూరంగా రెండు మూడు చోట్ల పెట్టండి. ఆరు కిలోలు మన నాటు పిల్లికి ఎక్కువే, తగ్గించాలి, కానీ నెమ్మదిగా, పిల్లిని పస్తుంచితే లివర్ పాడవుతుంది.

రాళ్లా కాదా అనేది ఎక్స్‌రే, స్కానింగ్‌లో తేలుతుంది, అది చేయించారో లేదో రిపోర్టులు చూసుకోండి. స్ట్రువైట్ రకం రాళ్లు అయితే యూరినరీ డైట్ అని మూత్ర సమస్యల కోసం ప్రత్యేకంగా చేసే తిండితోనే కొన్ని వారాల్లో కరుగుతాయి, కాల్షియం ఆక్సలేట్ రాళ్లు కరగవు, తియ్యాల్సిందే. ఆ తిండి పెడుతూ పక్కన మామూలు డ్రై ఫుడ్ కూడా పెడితే ప్రయోజనం ఉండదు. పదే పదే బ్లాక్ అయ్యేవాటికి నాళాన్ని వెడల్పు చేసే ఆపరేషన్ ఒకటుంది, దాని తర్వాత ఇన్ఫెక్షన్లు వచ్చే అవకాశం పెరుగుతుంది కాబట్టి మొదటిసారికే దాని జోలికి వెళ్లరు.

ఇంకో పని ఇవాళే చెయ్యండి. రాత్రిపూట మీ ఊళ్లో పిల్లికి క్యాథెటర్ (మూత్రం తీసే పైపు) వేసే డాక్టర్ ఎవరో ముందే కనుక్కుని నంబర్ ఫ్రిజ్ మీద అంటించండి, చాలాచోట్ల గేదెలు, కుక్కలు చూసే అనుభవమే ఎక్కువ ఉంటుంది. తిరుపతి, గన్నవరం, రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీలకి హాస్పిటళ్లున్నాయి, మీకు గన్నవరం దగ్గర, ఏ టైమ్‌లో చూస్తారో ముందే అడిగి పెట్టుకోండి.

ప్రశ్న: సర్, మా ఏడాదిన్నర గండుపిల్లి ఈమధ్య సోఫా వెనక గోడ మీద, తలుపు మీద పోస్తోంది. న్యూటరింగ్ చేయించలేదు. ఇది కూడా జబ్బేనా?
- ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: ఎలా నిలబడి పోస్తోందో చూడు నాయనా. తోక నిటారుగా లేపి, తోక చివర వణికిస్తూ గోడ మీదికి వెనక్కి చిమ్మితే అది హద్దులు గుర్తుపెట్టుకోవడం, న్యూటరింగ్ చేయిస్తే చాలావాటిలో తగ్గిపోతుంది. ఆపరేషన్ చేయిస్తే నాళం సన్నబడి బ్లాక్ అవుతుందని ఎవరైనా చెప్పినా నమ్మకు, ఆపరేషన్ తర్వాత ఒళ్లు రాకుండా మాత్రం చూసుకో. అలా కాకుండా చల్లటి నేల మీద, బాత్రూంలో, సింక్‌లో వంగి కూర్చుని కొంచెం కొంచెం పోస్తూ, మాటిమాటికీ మూత్రం వచ్చే చోట నాక్కుంటూ ఉంటే అది జబ్బు, చూపించాలి. కూర్చుని ముక్కినా అసలేమీ రాకపోతే మాత్రం అర్ధరాత్రైనా బయల్దేరు.