ఓమ్నీ కింద దూరే ముందు

ప్రశ్న: మాది 2006 మోడల్ ఓమ్నీ. ఫస్ట్ గేరులో కదిలేటప్పుడు, రివర్స్ నుంచి ముందుకు మార్చినప్పుడు కింద ఠక్కుమని చప్పుడొస్తోంది. ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాస్ పోయిందని మెకానిక్ అంటున్నాడు. పానాలన్నీ ఇంట్లోనే ఉన్నాయి, ఆదివారం నేనే విప్పుదామనుకుంటున్నా. కుదిరే పనేనా? – ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: కుదిరే పనే. ఓమ్నీలో ఇంజిన్ ముందు సీట్ల కింద ఉంటుంది, తిరిగేది వెనక చక్రాలు, ఆ రెంటినీ కలిపేది ఈ షాఫ్టే కాబట్టి విప్పడానికి పెద్ద అడ్డంకులుండవు. క్రాస్ అంటే షాఫ్ట్ చివర కీలులా పనిచేసే ప్లస్ ఆకారపు ముక్క. అసలు టెన్షన్ బండి నిలబడటం దగ్గర. గేరులో వేశాం, హ్యాండ్ బ్రేక్ లాగాం, ఇక ఎక్కడికి పోతుందిలే అనుకుంటారు చాలామంది. ఆ రెండూ పట్టుకునేది వెనక చక్రాలనే, మీరు జాకీతో గాల్లోకి లేపేదీ వాటినే! జాకీ పెట్టకుండా దూరినా అంతే, షాఫ్ట్ ఊడిన క్షణం నుంచి గేరుకూ చక్రాలకూ సంబంధం ఉండదు. అందుకని చదునైన సిమెంటు నేల మీద నిలిపి, ముందు చక్రాలు రెండింటికీ ముందూ వెనకా చెక్క మొద్దులు బిగించండి. వెనక ఆక్సిల్ కింద రెండువైపులా స్టాండ్లు పెట్టి, బండిని చేత్తో గట్టిగా ఊపి చూశాకే కిందికి దూరండి. బండితో వచ్చే జాకీ స్టెప్నీ మార్చుకోవడానికి, దాన్ని నమ్మి కింద పడుకోవడానికి కాదు. ఇటుకలూ, సిమెంటు దిమ్మెలూ అసలే వద్దు, అవి చెప్పకుండా పగులుతాయి.

బోల్టులు విప్పే ముందు మెకానిక్ మాట నిజమో కాదో చూసుకోండి. న్యూట్రల్‌లో పెట్టి షాఫ్టును అటూ ఇటూ తిప్పితే క్రాస్‌కూ దాన్ని పట్టుకునే యోక్‌కూ మధ్య లూజు చేతికి తెలియాలి, క్రాస్ కొసలకు తొడిగిన కప్పుల అంచుల్లో ఎర్రటి తుప్పు పొడి కూడా ఉంటే ఇక అనుమానం లేదు. క్రాస్ గట్టిగానే ఉండి, షాఫ్ట్ మరీ ఎక్కువగా ఆడుతుంటే డిఫరెన్షియల్ (వెనక చక్రాలను తిప్పే గేర్ల పెట్టె) సంగతి చూడాలి, అది ఇంట్లో తేలే పని కాదు.

షాఫ్ట్‌నూ డిఫరెన్షియల్‌నూ కలిపే వెనక ఫ్లాంజ్ (అంచు పళ్లెం)కు నాలుగు బోల్టులుంటాయి. రెండు ఫ్లాంజ్‌ల మీదా కలిసేలా పెయింటుతో ఒక గీత గీసి, తిరిగి అదే గీతకు బిగించండి, లేకపోతే బాగుచేసిన బండి కొత్తగా వణకడం మొదలెడుతుంది. పైనున్న బోల్టు అందాలంటే న్యూట్రల్ చేసి, హ్యాండ్ బ్రేక్ దించి షాఫ్టును తిప్పుకోవాలి, విప్పేటప్పుడు మళ్లీ గేరులో వేస్తే తిరగకుండా ఉంటుంది. తుప్పు పట్టినవాటికి ముందురోజు రాత్రే తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి వదిలేసి, పొద్దున రింగ్ పానాతో పట్టండి. మామూలు పానా అయితే మూలలు అరిగిపోతాయి, ఆ తర్వాత దాన్ని వదిలించడం నరకం.

షాఫ్ట్ ముందు చివర గేర్‌బాక్స్‌లోకి దూరి ఉంటుంది, నిదానంగా వెనక్కి లాగితే వచ్చేస్తుంది. బండి వెనకభాగం ఎత్తులో ఉంటే గేర్ ఆయిల్ పెద్దగా కారదు. ఆ రంధ్రానికి ప్లాస్టిక్ కవరు చుట్టి రబ్బర్ బ్యాండ్ వేయండి. ఆ చివరనున్న యోక్ నున్నటి భాగం నేలకు తగలకుండా చూసుకోండి, చిన్న గాటు పడినా ఆయిల్ సీలును కోసేస్తుంది.

కొత్త క్రాస్ ఎక్కించేటప్పుడు తొందర పనికిరాదు. కప్పు లోపల సన్నటి సూదుల్లాంటి రోలర్లు వరుసగా నిలబడి ఉంటాయి, వాటిలో ఒక్కటి అడ్డంగా పడినా కప్పు పూర్తిగా దిగదు, కప్పును పట్టి ఉంచే రింగు, అదే సర్‌క్లిప్, గాడిలో కూర్చోదు, మనమేమో సుత్తి తీస్తాం. రోలర్లను గ్రీజుతో అంటించి, వైస్‌లో పెట్టి నెమ్మదిగా నొక్కండి. అయ్యాక జాయింటు అన్నివైపులా వేలితో కదపగలిగేలా ఉండాలి. ఓమ్నీ తయారీ 2019లో ఆగిపోయినా క్రాస్‌లకు కరువు లేదు, బెజవాడ ఆటోనగర్ మీకు దగ్గరే. పాతది జేబులో వేసుకుని వెళ్లి, సైజు పక్కపక్కన పెట్టి చూసి కొనండి.

ప్రశ్న: మా మారుతి 800లో క్లచ్ జారుతోంది. గేర్‌బాక్స్ ఇంట్లోనే దించితే కూలీ మిగులుతుంది కదా? – ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: ముందు క్లచ్ కేబుల్ చూడండి. పెడల్ పైన బొత్తిగా వదులు లేకపోయినా క్లచ్ జారుతుంది, అదే అయితే అడ్జస్ట్ చేయడంతో సరిపోతుంది. అప్పటికీ జారితే గేర్‌బాక్స్ దించాల్సిందే, కానీ ఒక్కరే అయితే వద్దనే నా సలహా. గ్యారేజీ కుర్రాళ్లు పొట్ట మీద ఆనించుకుని దించేస్తుంటారు, అది చూసి మోసపోకండి. ఈ బండిలో గేర్‌బాక్స్ మౌంట్ ఇంజిన్‌ను కూడా పట్టి ఉంచుతుంది, ఇంజిన్ కింద జాకీ ఆనించకుండా దాన్ని విప్పకూడదు. ఎక్కించేటప్పుడు బరువంతా గేర్‌బాక్స్ షాఫ్ట్ మీద వేలాడితే కొత్త క్లచ్ ప్లేటు వంగుతుంది. సరిగ్గా కూర్చోని గేర్‌బాక్స్‌ను బోల్టులు బిగించి లాగితే అల్యూమినియం చెవి విరుగుతుంది, మిగిలిన కూలీ కంటే అది ఖరీదు. లోపలి పాత దుమ్మును నోటితో ఊదొద్దు, తడిగుడ్డతో తుడవండి.

ప్రశ్న: డిఫరెన్షియల్ సీలు మార్పించినా వారానికే మళ్లీ ఆయిల్ కారుతోంది. సీలు నకిలీదా? – ఒక పాఠకురాలు, అమలాపురం

జవాబు: అయ్యుండొచ్చు గానీ, మొదట ఆక్సిల్ పైన ఉండే చిన్న బ్రీదర్ (లోపలి గాలి బయటికి పోయే దారి) చూడండమ్మా. బురద పట్టి మూసుకుపోతే లోపలి వేడిగాలికి దారి లేక ఆయిల్‌ను సీలు పక్కనుంచే తోసేస్తుంది. దాన్ని శుభ్రం చేయించి, బండి చదునుగా ఉన్నప్పుడు ఆయిల్‌ను లెవెల్ రంధ్రం అంచు దాకా పోయించండి. అంతకంటే ఎక్కువ పోస్తే అదీ కారుతుంది.