టెక్ సందేహాలు: డ్రాగన్‌ను చంపినా దొంగతనం కేసు తప్పదా?

ప్రశ్న: స్కైరిమ్ అనే వీడియో గేమ్‌లో డ్రాగన్లను చంపి ఊళ్లు కాపాడాను. వైట్‌రన్ ఊళ్లో నన్ను థేన్‌ని (పాలకుడిచ్చే గౌరవ హోదా) కూడా చేశారు. తీరా రిఫ్టెన్ అనే మరో ఊళ్లో ఒక కత్తి తీసుకోగానే కాపలావాళ్లు పట్టుకున్నారు. నేనెవరో వాళ్లకి తెలియదా? సేవ్ ఫైల్ పాడైందేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: సేవ్ ఫైల్‌కి ఏమీ కాలేదండీ. 2011లో వచ్చిన ఈ గేమ్‌లో మీకొచ్చిన మంచి పేరంతా ఒకచోట కూడే లెక్కే లేదు. చెడ్డపేరుకు మాత్రం పైసాతో సహా పద్దు రాస్తారు. అక్కడ మొత్తం 9 హోల్డులు. మన జిల్లాల్లాంటివనుకోండి. ఒక్కో హోల్డుకీ మీ నేరాల ఖాతా విడిగా ఉంటుంది. మనిషిని కొడితే 40 బంగారు నాణేల జరిమానా, చంపితే 1000. అదీ ఎవరైనా చూస్తేనే. థేన్ హోదా కూడా ఇచ్చిన హోల్డులోనే చెల్లుతుంది. వైట్‌రన్‌లో పట్టుబడితే 'నేను థేన్‌ని' అని ఒకసారి బయటపడొచ్చు. రిఫ్టెన్ వేరే హోల్డు కాబట్టి అక్కడ ఆ మాట పనికిరాదు.

ఇప్పుడు ఏం చేయాలంటే, జరిమానా చిన్నదైతే కట్టేయండి. జైల్లో శిక్ష పూర్తయ్యేదాకా పడుకుంటే, తర్వాతి లెవెల్ కోసం మీ స్కిల్స్‌లో కూడబెట్టుకున్నది కొంత పోతుంది. గంటల తరబడి విల్లు సాధన చేసినవాళ్లకి అది నిజంగా బాధే. జరిమానా కట్టినా, జైలుకెళ్లినా దొంగసొత్తు మాత్రం లాగేసుకుంటారు. ఆ కత్తి మీద మనసుంటే, పాత సేవ్ లోడ్ చేసి, కాపలావాడికి దొరక్కుండా ఊరు దాటి, సొంత ఇంట్లో పెట్టెలో దాచి, అప్పుడు వచ్చి లొంగిపోండి.

ప్రశ్న: ఫోన్‌లో మొదటి బాల్డర్స్ గేట్ ఆడుతున్నాను. అందరికీ మంచే చేస్తున్నా. కానీ నా జట్టులోని మాంత్రికుడు ఎడ్విన్ ఊరికే సణుగుతున్నాడు. ఇదేమైనా బగ్గా?

జవాబు: కాదు, అతని స్వభావమే అంత! 1998 నాటి ఈ గేమ్‌లో జట్టంతటికీ కలిపి ఒకటే రెప్యుటేషన్ అంకె, గరిష్ఠం 20. అది పెరిగేకొద్దీ దుకాణాల్లో ధరలు తగ్గుతాయి. బాగా పడిపోతే సైనికులు వెంటపడతారు, మంచివాళ్లు జట్టు వదిలిపోతారు. మరీ పైకి పోతే ఎడ్విన్ లాంటి దుష్టులు ముందు సణిగి, ఆనక వెళ్లిపోతారు. మంచి పేరుకి కూడా ఖరీదు కట్టిన ఈ పద్ధతి నాకెంతో ఇష్టం. ఎవరిని వెంట ఉంచుకోవాలో ప్రతి పనికీ ముందు ఆలోచించాల్సిందే. స్కైరిమ్‌లో ఆ ఆలోచన ఎప్పుడూ రాదు.

ఎడ్విన్ మంత్రాలు మీకు కావాలంటే గుళ్లలో విరాళాలు ఇవ్వడం ఆపండి, వాటితో రెప్యుటేషన్ పెరుగుతుంది. వైకోనియా అనే పాత్రను జట్టులో చేర్చుకుంటే 2 పాయింట్లు తగ్గుతాయి కూడా. ఆమె మంచి వైద్యురాలు కాబట్టి ఆ రకంగానూ మీకు లాభమే.