జోసెఫ్స్‌లో సీటు దొరికింది సరే, మరి ఆట సంగతి?

"రాహుల్ ద్రావిడ్ చదివిన బళ్లో వేస్తే మావాడికి క్రికెట్ బాగా వస్తుందా?" హైదరాబాద్ నుంచి బదిలీ మీద వచ్చినవాళ్లూ, పదేళ్లు అమెరికాలో ఉండి తిరిగొచ్చినవాళ్లూ బెంగళూరులో దిగగానే అడిగే ప్రశ్న ఇది. బడి ఇచ్చేది ఒకటి, బయట వెతుక్కోవాల్సింది ఇంకొకటి. ఈ రెండూ ముందే విడదీసి తెలుసుకుంటే తర్వాత నిరాశ పడే పని ఉండదు.

ద్రావిడ్ చదివింది సెయింట్ జోసెఫ్స్ బాయ్స్ హైస్కూల్లో. బడి జట్టుకు ఆడాడు, సెంచరీలు కొట్టాడు. అయితే అతనిలోని ఆటగాణ్ని గుర్తించి తీర్చిదిద్దింది చిన్నస్వామి స్టేడియంలో జరిగిన వేసవి శిబిరంలో కోచ్ కేకీ తారాపూర్. ఆ తర్వాత క్లబ్బు క్రికెట్ బెంగళూరు యునైటెడ్ క్రికెట్ క్లబ్బుకు ఆడాడు. 1991లో రంజీలో అడుగుపెట్టేనాటికి సెయింట్ జోసెఫ్స్ కాలేజ్ ఆఫ్ కామర్స్ విద్యార్థి. అంటే బడి, శిబిరం, క్లబ్బు మూడూ కలిసి పనిచేశాయి. బడి వాటాకు వచ్చేవి మైదానం, తోటి ఆటగాళ్లు, అన్నిటికంటే ముఖ్యంగా మ్యాచ్‌లు. నెట్స్‌లో ఒక్కొక్కరి బ్యాటింగ్ దిద్దే తీరిక నలభై మందిని చూసుకునే పీటీ సార్‌కు ఉండదు, ఆయన నుంచి అది ఆశించకూడదు కూడా.

ముందు పేర్ల తికమక తీర్చుకోవాలి. మ్యూజియం రోడ్డులో ఉన్నది సెయింట్ జోసెఫ్స్ బాయ్స్ హైస్కూల్. విఠల్ మాల్యా రోడ్డులో, కంఠీరవ స్టేడియం దాపున ఉన్నది సెయింట్ జోసెఫ్స్ ఇండియన్ హైస్కూల్. రెంటికీ వేరు గేట్లు, వేరు ప్రిన్సిపాళ్లు, వేరు దరఖాస్తులు. ఒకచోట ఫారం ఇచ్చి రెండోచోట పేరు వెతుక్కునేవాళ్లు ఏటా ఉంటారు. ఫ్రాన్స్ నుంచి వచ్చిన పారిస్ మిషన్ ఫాదర్లు 1858లో మొదలుపెట్టిన సంస్థ ఇది. ఇండియన్ హైస్కూల్ 1904లో విడిగా ఏర్పడింది. 1937 నుంచి నిర్వహణ జెస్యూట్లనే క్యాథలిక్ ఫాదర్ల సంఘానిది. విజయవాడ ఆంధ్ర లయోలా కాలేజీ నడిపేదీ వాళ్లే కాబట్టి ఆ క్రమశిక్షణ ఎలా ఉంటుందో కృష్ణా, గుంటూరు వాళ్లకు చెప్పనక్కర్లేదు. ఇక ఈ బళ్లకు మైదానంలో పాత పోటీదారైన బిషప్ కాటన్ క్యాథలిక్ బడి కాదు, ఆంగ్లికన్ సంప్రదాయానిది. పేరులో సెయింటో బిషప్పో ఉన్నంత మాత్రాన అన్నీ ఒకటే అనుకుని అడ్మిషన్ నిబంధనలు కలిపేసుకోవద్దు.

ఈ బళ్లకు ఆట ఇంతగా ఎందుకు అబ్బిందంటే ఊరి చరిత్ర చూడాలి. 1809లో హలసూరు పక్కన బ్రిటిష్ కంటోన్మెంటు వెలిసింది. రెజిమెంట్లకు హాకీ, ఫుట్‌బాల్ జట్లు ఉండేవి. ఆంగ్లో ఇండియన్ కుటుంబాల పిల్లలు ఈ మిషన్ బళ్లలో చదివేవాళ్లు. ఎదురుగా ఆడటానికి జట్టు దొరికినచోటే ఆట పెరుగుతుంది, ఇక్కడ అది నడిచిపోయేంత దూరంలో దొరికింది. ఇవాళ్టికీ ఆ సౌకర్యం పోలేదు. మ్యూజియం రోడ్డు చుట్టుపక్కలే చిన్నస్వామి స్టేడియం, అథ్లెటిక్స్‌కు కంఠీరవ, మాగ్రత్ రోడ్డులో ఫుట్‌బాల్ స్టేడియం ఉన్నాయి. హాకీ స్టేడియం శాంతినగర్ వైపు. ఫాదర్ల ఆలోచన కూడా ఒక కారణం. సలేషియన్లనే మరో క్యాథలిక్ సంఘం నడిపే డాన్ బాస్కో బళ్లలో ఆటస్థలాన్ని తరగతి గదితో సమానంగా చూస్తారు. చెన్నై ఎగ్మోర్ డాన్ బాస్కోలో విజయ్ అమృత్‌రాజ్, విశ్వనాథన్ ఆనంద్ చదివారు. హైదరాబాద్‌లో అజారుద్దీన్, వెంకటపతి రాజు చదివిన ఆల్ సెయింట్స్ కూడా మాంట్‌ఫోర్ట్ బ్రదర్లనే క్యాథలిక్ సంఘానిదే. ఆ బడి తెలిసినవాళ్లకు ఈ వాతావరణం కొత్తగా అనిపించదు.

బడి చూడ్డానికి వెళ్లినప్పుడు అద్దాల అలమరలో కప్పులు చూసి మురిసిపోకండి. ఆ కప్పులు గెలిచినవాళ్లలో చాలామంది ఇప్పుడు తాతలై ఉంటారు. అడగాల్సిన మాట ఒకటుంది: "మీకు రెండో జట్టు ఉందా? పోయినేడు ఎన్ని మ్యాచ్‌లు ఆడింది?" మొదటి పదకొండు మంది ఎలాగూ ఆడతారు. మీ అబ్బాయి కొత్తగా చేరితే మొదటి ఏడాది పన్నెండో స్థానం నుంచి ఇరవై అయిదో స్థానం మధ్యలో ఉంటాడు. ఆ పిల్లలకు మ్యాచ్‌లు దొరికే బడే నిజంగా ఆట సంప్రదాయం ఉన్న బడి. వారానికి పీటీ పీరియడ్లు ఎన్ని, పరీక్షల నెలలో వాటిని లెక్కల సార్ తీసుకుంటారా, సాయంత్రం ప్రాక్టీసు ఏయే వారాల్లో, ఎన్ని గంటలదాకా అన్నవీ కనుక్కోండి. సాయంత్రం నాలుగున్నరకు ఒకసారి గేటు బయట నిలబడి చూస్తే ఇంకా మంచిది. మైదానంలో ఎంతమంది ఉన్నారో కళ్లకే తెలుస్తుంది.

బడిలో పోటీల కోసం పిల్లల్ని విడదీసే జట్లు, అంటే హౌస్‌ల సంగతి కొత్తవాళ్లు తేలిగ్గా తీసుకుంటారు, అది పొరపాటు. చేరగానే పిల్లవాణ్ని ఒక హౌస్‌లో వేస్తారు, బడి వదిలేదాకా అదే. అన్నదమ్ములను సాధారణంగా ఒకే హౌస్‌లో ఉంచుతారు. హౌస్ రంగు టీషర్టు కొని దాచిపెట్టండి, స్పోర్ట్స్ డే ముందురోజు రాత్రి కమర్షియల్ స్ట్రీట్ అంతా తిరిగినా ఆ రంగు సైజు దొరకదు. పరుగు రాని పిల్లవాడికి కూడా మార్చ్‌పాస్ట్‌లో చోటుంటుంది, హౌస్‌కు దానికీ పాయింట్లు వస్తాయి. వారాల తరబడి ఎండలో సాధన చేయిస్తారు. "చదువు పాడవుతోంది" అని ఆ వారాల్లో సెలవు చీటీ రాసివ్వడం మన తెలుగు తల్లిదండ్రులు తరచూ చేసే పని. దయచేసి చేయకండి. వరసలో ఒకడు తప్పితే వెనకున్న వాళ్లందరి దూరం మారుతుంది, ఆ కుర్రాడి మీద తోటివాళ్లకు కోపం మిగులుతుంది. కొత్త ఊళ్లో, భాష రాని చోట, స్నేహితులు దొరికేది సరిగ్గా అక్కడే.

క్రికెట్ వైపు వెళ్లే పిల్లలకు తెలియాల్సిన షీల్డులు రెండు. కర్ణాటక క్రికెట్ సంఘం బడుల మధ్య నడిపే బీటీఆర్ షీల్డ్ 14 ఏళ్లలోపువాళ్లది, కాటోనియన్ షీల్డ్ 16 ఏళ్లలోపువాళ్లది. రాష్ట్ర సెలక్టర్ల కంటపడే దారుల్లో ఇవి ముఖ్యమైనవి. మిగతా ఆటలకు దారి బోర్డును బట్టి మారుతుంది. బాయ్స్ హైస్కూల్లో ఉన్నది ఐసీఎస్ఈ. ఆ పిల్లలు ఐసీఎస్ఈ కౌన్సిల్ నడిపే జోనల్, రీజినల్, నేషనల్ పోటీలు దాటి స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ పోటీలకు వెళ్తారు. స్టేట్ సిలబస్ బడైతే తాలూకా, జిల్లా, డివిజన్, రాష్ట్రం అనే మెట్లు. సీబీఎస్ఈకి క్లస్టర్లు, అంటే కొన్ని బడులను కలిపి చేసిన గుంపులు. మీ వాడు మంచి హాకీ ఆటగాడైతే బోర్డు ఎంచుకునే ముందే ఈ తేడా చూసుకోవాలి, ఏడాది మధ్యలో దారి మారడం కష్టం.

వయసు లెక్క దగ్గర చాలామంది చిక్కుకుంటారు. స్కూల్ గేమ్స్‌లో 14, 17, 19 ఏళ్ల విభాగాలకు డిసెంబరు 31 నాటి వయసు చూస్తారు. 2026లో 14 లోపు ఆడాలంటే 2013 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టి ఉండాలి. బీసీసీఐ వయోవిభాగ క్రికెట్‌కు మాత్రం సెప్టెంబరు 1 గీత. దీని ఫలితం చూడండి: నవంబరులో పుట్టిన పిల్లవాడు ఫుట్‌బాల్‌లో తన బ్యాచ్‌లో అందరికంటే చిన్నవాళ్లలో ఉంటాడు, క్రికెట్‌లో పెద్దవాళ్లలో ఉంటాడు. పన్నెండు, పదమూడేళ్ల వయసులో పది నెలల తేడా అంటే ఎత్తులో, బలంలో కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఫుట్‌బాల్ జట్టులోకి తీసుకోలేదని వాణ్ని ఆట మాన్పించే ముందు ఈ సంగతి గుర్తుంచుకోండి. పదహారు నిండేసరికి ఆ తేడా చాలావరకు సమసిపోతుంది. తారీఖు దిద్దించి వయసు తగ్గించే ఆలోచన ఎవరైనా చెబితే వినకండి. క్రికెట్‌లో ఎడమచేతి మణికట్టుకు ఎక్స్‌రే తీసి ఎముక వయసు లెక్కిస్తారు. దొరికితే సస్పెన్షన్, పైగా బడి పేరుకూ మచ్చ.

అందుకే జనన ధ్రువపత్రం మొదటి కాగితం. పుట్టిన ఏడాదిలోపు నమోదైనదైతే ఎక్కడా ప్రశ్న రాదు. ఆలస్యంగా రాయించినదైతే ఆసుపత్రి డిశ్చార్జి కాగితం, మొదటి తరగతిలో చేరినప్పటి రికార్డు కూడా జతగా ఉంచుకోండి. ఆధార్‌లో, టీసీలో, ధ్రువపత్రంలో పేరు ఒకే తీరుగా ఉందా చూడండి. మనకు ఇంటిపేరు ముందుంటుంది, ఇక్కడ తండ్రిపేరు చివర రాస్తారు, ఆ గందరగోళంలో ఒకే పిల్లవాడు మూడు కాగితాల్లో ముగ్గురవుతాడు. పక్క రాష్ట్రం నుంచి తెచ్చే టీసీ మీద అక్కడి విద్యాశాఖ అధికారి సంతకం చేయించి తెచ్చుకోవాలి, ఇల్లు ఖాళీ చేసి వచ్చేశాక ఆ పనికి మళ్లీ రైలెక్కాల్సి వస్తుంది. హైదరాబాద్‌లోనో ఆంధ్రాలోనో క్రికెట్ సంఘంలో పేరు నమోదై ఉంటే అక్కణ్నుంచి అభ్యంతరం లేదనే పత్రం (ఎన్‌ఓసీ) కూడా తీసుకోండి.

విదేశాల నుంచి తిరిగొచ్చినవాళ్లకు ఇంకో సంగతి సూటిగా చెప్పాలి. అబ్బాయికి అమెరికా పాస్‌పోర్టు, విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకు ఇచ్చే ఓసీఐ కార్డు ఉంటే బడి జట్టులో, హౌస్‌లో హాయిగా ఆడుకోవచ్చు. భారత జట్టుకు ఆడటానికి మాత్రం భారత పాస్‌పోర్టే కావాలని 2008 డిసెంబరులో కేంద్ర క్రీడాశాఖ నిబంధన పెట్టింది. రాష్ట్ర, జాతీయ పోటీల నిబంధనలు కూడా ఆటను బట్టి మారతాయి కాబట్టి ఎంట్రీ ఫారం నింపే ముందే ఆ ఆట సంఘంలో రాతపూర్వకంగా అడగండి. రైలు టికెట్లు తీశాక, జట్టులోంచి పేరు తీసేస్తే పిల్లవాడి మనసు విరిగిపోతుంది. అక్కడి జనన ధ్రువపత్రానికి అపోస్టిల్, అంటే వేరే దేశంలో చెల్లేలా అక్కడి ప్రభుత్వ ధ్రువీకరణ చేయించి తెచ్చుకోవడం మరవద్దు.

అడ్మిషన్ గురించి రెండు మాటలు. ఇవి మైనారిటీ సంస్థలు, విద్యాహక్కు చట్టం కింద ఇచ్చే 25 శాతం సీట్లు వీటికి వర్తించవని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. క్యాథలిక్ కుటుంబాలకు ముందు చోటు దక్కుతుంది, దానికి నొచ్చుకోనక్కర్లేదు. మీ పిల్లవాణ్ని ప్రార్థనకు, బైబిలు పాఠానికి బలవంతపెడతారేమోనన్న భయమూ వద్దు. క్యాథలిక్ పిల్లలు క్యాటకిజం (మతబోధ) తరగతికి వెళ్లే సమయంలో మిగతావాళ్లకు నీతిబోధ పీరియడ్ ఉంటుంది. కన్నడం మాత్రం తప్పించుకోలేరు, కర్ణాటకలో ఏ బోర్డు బడైనా అది నేర్చుకోవాల్సిందే. తెలుగు రాయడం వచ్చిన పిల్లవాడికి ఆ లిపి కొద్ది వారాల్లో పట్టుబడుతుంది. మైదానంలో ఎలాగూ కన్నడం, తమిళం, ఇంగ్లిషు కలిసిన మాటే నడుస్తుంది.

ఇల్లు ఎక్కడ తీసుకోవాలో ప్రాక్టీసు వేళను బట్టి నిర్ణయించుకోండి. వైట్‌ఫీల్డ్, కేఆర్ పురం వైపు ఉంటే పర్పుల్ లైన్ మెట్రో నేరుగా ఎంజీ రోడ్డుకు తెస్తుంది, అక్కణ్నుంచి మ్యూజియం రోడ్డుకు నడక. ఎలక్ట్రానిక్ సిటీ నుంచి ఎల్లో లైన్ వచ్చింది కానీ ఆర్వీ రోడ్డులో ఒకసారి, మెజెస్టిక్‌లో మరోసారి మారాలి. మారతహళ్లి, సర్జాపూర్ రోడ్డు వాళ్లు బడి బస్సును నమ్ముకుంటే ప్రాక్టీసు పోయినట్టే, ఎందుకంటే బస్సు ఆటగాళ్ల కోసం ఆగదు. జట్టులోకి ఎంపికై కూడా ఈ ఒక్క కారణంతో మానేసే పిల్లలుంటారు.

సామాను విషయంలో ఖరీదు కంటే సరిపోవడం ముఖ్యం. ఇక్కడ బడి క్రికెట్‌లో మ్యాటింగ్ పిచ్‌లు ఎక్కువ. కొబ్బరి పీచు చాప మీద బంతి పచ్చిక మీదకంటే ఎత్తుకు లేస్తుంది. చాప వదులుగా ఉంటే ఒక బంతి లేచి ఒకటి జారుతుంది. అందుకే ఈ ఊరి బ్యాట్స్‌మెన్‌కు వెనక కాలి మీద ఆట బాగా వస్తుందంటారు. ఆ చాప మీద మేకుల బూట్లు వేయనివ్వరు, రబ్బరు సోలువే కొనండి. ఫుట్‌బాల్‌కు గట్టి ఎర్రమట్టి నేల, బూటు సోలు కింద విప్పి బిగించే పొడవాటి స్టడ్లు (బుడిపెలు) అరికాలికి గుచ్చుకుని మడమ నొప్పి తెస్తాయి, సోలుతో కలిసివచ్చే పొట్టి స్టడ్లు చాలు. హాకీకి కర్ర కంటే ముందు పళ్ల రక్షణకు గమ్‌షీల్డు, మోకాలి కింద ముందువైపు ఎముకకు ప్యాడ్లు. మ్యాచ్ రోజు రెండు గంటల ముందే రెండు ఇడ్లీలు, ఒక అరటిపండు పెట్టండి. ఓఆర్ఎస్ పొడి ప్యాకెట్ మీద రాసినట్టు పూర్తి లీటరు నీళ్లలోనే కలపాలి. సగం సీసాలో గుమ్మరిస్తే ఉప్పు ఎక్కువై వాంతి చేసుకుంటారు.

చదువు దెబ్బతినకుండా ఉండాలంటే హాజరు చూసుకోండి. ఐసీఎస్ఈలో 75 శాతం తప్పనిసరి. టోర్నమెంటుకు వెళ్లిన ప్రతి రోజుకూ పీటీ సార్ సంతకంతో చీటీ క్లాస్ టీచర్‌కు అదే వారంలో చేర్చాలి, మార్చిలో పాత తేదీలు వెతకడం ఎవరివల్లా కాదు. పదో తరగతిలో ఫిజికల్ ఎడ్యుకేషన్‌ను మూడో గ్రూపు (పిల్లలు ఎంచుకునే) సబ్జెక్టుగా తీసుకునే వీలుంది, ఆ సబ్జెక్టు మీ బడిలో చెబుతారో లేదో తొమ్మిదిలోనే అడగండి. గెలిచిన ప్రతి సర్టిఫికెట్ మీద తేదీ, విభాగం, స్థానం, ముద్ర ఉన్నాయా అక్కడికక్కడే చూసి తీసుకోవాలి.

జూన్‌లో బడి తెరిచిన మొదటి వారంలోనే జట్ల ఎంపిక మొదలవుతుంది. పుస్తకాలకు అట్టలు వేసే పని రెండో వారానికైనా పెట్టుకోవచ్చు. సోమవారం సాయంత్రమే అబ్బాయిని బూట్లతో పంపి, పీటీ సార్ దగ్గర పేరు రాయించుకోమనండి.