పగడాన్ని నాటుతామా, అతికిస్తామా?

సందేహం: అమెరికాలో ఉన్న మా అబ్బాయి ఇంట్లో సముద్రపు నీటి తొట్టి పెట్టుకొని పగడాలు పెంచుతున్నాడు. పెద్ద పగడం నుంచి కోసిన చిన్న ముక్కను ‘ఫ్రాగ్’ అంటారట. దానిని జిగురుతో రాతి మీద నిలబెడతారట. మా బడి పత్రిక కోసం ఈ సంగతి రాస్తూ ‘పగడపు అంటును రాతి మీద నాటాడు’ అన్నాను. పగడం జంతువు కాబట్టి ‘నాటాడు’ అనడం తప్పని, ‘అతికించాడు’ అనాలని మా జీవశాస్త్రం మాస్టారు అంటున్నారు. ఏది సరైనది?
– ఒక ఉపాధ్యాయురాలు, విజయనగరం

సమాధానం: మీ వాక్యంలో ‘నాటాడు’ సరైన మాటే. మార్చుకోవలసినది ‘అంటు’. మాస్టారుగారు చెప్పిన శాస్త్ర విషయం నిజమే గాని, దానిని బట్టి ఆయన చేసిన భాషా నిర్ణయం నిలవదు.

‘నాటు’ మొక్కలకే చెందిన క్రియ అయితే ఆయన మాట ఒప్పుకోవలసిందే. కాని పశువును కట్టడానికి గుంజ నాటుతాం, పొలం గట్టున సరిహద్దు రాయి నాటుతాం, బాణం రొమ్ములో నాటింది అంటాం, పెద్దల మాట మనసులో నాటుకుంది అంటాం. వీటిలో మొలకెత్తేది ఒక్కటీ లేదు. ఒక వస్తువు మరొకదానిలో గట్టిగా దిగి, అక్కడి నుంచి కదలకుండా నిలిచిపోవడమే ఈ క్రియకు ప్రాణం. నిలిచినది చెట్టా, జంతువా, రాయా అన్న పట్టింపు దానికి లేదు. మన వైపు వరినారు విషయంలో ‘నాట్లు’ అనకుండా ‘ఉభాలు’ అంటాం. ‘ఉభాలు’ వరి మడి దాటి బయటికి రాదు. ‘నాటు’కు అలాంటి గట్టు ఏదీ లేదు.

పైగా పగడం విషయంలో మన పూర్వుల మాటలన్నీ చెట్టు చుట్టూనే తిరిగాయి. పగడానికి ప్రకృతిగా చెప్పే ‘ప్రవాళము’ అన్న సంస్కృత పదానికి లేత చిగురు అని కూడా అర్థం. అమరకోశం దానితో పాటు చెప్పిన ‘విద్రుమము’లో ద్రుమం, అంటే చెట్టు, వినబడుతూనే ఉంది. (మన కావ్యాలలో కనిపించే ‘పవడము’ కూడా పగడమే, అగును, అవును, పగలు, పవలు అన్నట్లే గకార వకారాలు మారాయి.) ఐరోపా పండితులలో చాలామంది సైతం 18వ శతాబ్దిలో పేసొనెల్ అనే ఫ్రెంచి వైద్యుడు కాదని చెప్పేదాకా పగడాన్ని మొక్కగానే ఎంచారు. అది జంతువని తేలిన తరువాత కూడా, ఒక చోట స్థిరపడి, కొమ్మలు వేసి, ఒంటిలో దాచుకొన్న సూక్ష్మమైన నాచు వెలుతురుతో చేసే ఆహారం మీద ఎక్కువగా ఆధారపడి బతికే ఆ ప్రాణికి చెట్టు మాటలు వాడితే భాషకు వచ్చిన లోటేమీ లేదు.

ఇక ‘అతికించు’. అది తప్పు కాదు, చాలదు. మీ అబ్బాయి చేసే పనిని దగ్గరగా చూస్తే ఎందుకు చాలదో తెలుస్తుంది. కోసిన ముక్క అడుగున చిక్కని జిగురు శనగగింజంత పెట్టి నీటిలోకి దించగానే దాని మీద తెల్లని పొర కడుతుంది. ఆ పొర చిరిగేటట్లు ముక్కను కొద్దిగా తిప్పుతూ రాతికి నొక్కి, కాసేపు కదలకుండా పట్టుకోవాలి. ఇంతవరకు జరిగినది అతికించడమే. విరిగిన బొమ్మ చేతిని అతికించడానికీ దీనికీ తేడా లేదు. కాని బొమ్మ చేయి విషయంలో పని అక్కడితో పూర్తి అవుతుంది, పగడం విషయంలో అప్పుడే మొదలవుతుంది. వారాలు గడిచేకొద్దీ పగడపు కండ ఆ జిగురు మీదుగా పాకి, రాతిని కమ్ముకొని, కింద తన సున్నపు గూడు తానే పోసుకొంటుంది. అప్పుడు దానిని రాతికి పట్టి ఉంచేది జిగురు కాదు, పగడమే. ఈ రెండో దశను ‘అతికించు’ చెప్పలేదు, ‘నాటు’ చెప్పగలదు. పాదులో పెట్టిన మొక్క ‘పట్టింది’ అని రైతు అన్నట్లు ‘పగడం పట్టింది’ అని కూడా నిస్సంకోచంగా రాయండి. ఒకే తల్లి పగడం నుంచి తీసిన రెండు ముక్కలను దగ్గరదగ్గరగా పెడితే అవి పెరిగి ఏకమవుతాయి. అక్కడ మాత్రం ‘అతుక్కుపోయాయి’ అన్నదే చక్కని మాట.

‘అంటు’ ఎందుకు కాదంటే, పలాస వైపు తోటల్లో జీడి అంటు కట్టేవారు చేసేది వేరే పని. మొక్క తల కోసి, చీల్చి, మరో చెట్టు కొమ్మను చెక్కి అందులో దూర్చి కట్టు కడతారు. వేరు ఒకదానిది, కొమ్మ మరొకదానిది, రెండూ ప్రాణమున్నవే. మీ సువర్ణరేఖ మామిడి అంటు కూడా అంతే. పగడపు ముక్క కింద ఉన్నది ఒట్టి రాయి. ‘పిలక’ అందామా అంటే, అరటి పిలక తల్లి మొదట్లో దానంతట అది పుడుతుంది; పగడపు ముక్కను కట్టరుతో కోసి తీయాలి.

నాకు తోచినంతలో దీనికి సరిగ్గా అమరే మాట బొబ్బిలి వైపు చెరకు రైతుల నోట ఉంది: ముచ్చె. చెరకు గడను నరికి తీసిన, కళ్ళు (మొలక వచ్చే మొగ్గలు) ఉన్న ముక్కలను ముచ్చెలంటారు. రెండు కళ్ళ ముచ్చె, మూడు కళ్ళ ముచ్చె అని లెక్క చెబుతారు. కన్ను లేని ముక్క మొలవదు. పగడమూ ఇంతే: ప్రాణమున్న పాలిప్‌లు, అంటే గుంపుగా చేరి పగడమయ్యే చిన్న చిన్న జీవులు, ముక్క మీద ఉంటేనే అది బతికి పెరుగుతుంది, పెరిగినది అచ్చం తల్లి వంటిదే అవుతుంది. ముచ్చెలకు రైతులు వాడే క్రియ కూడా ‘నాటడమే’. ‘పగడపు ముచ్చె’ కొత్తగా వినిపిస్తుందనుకొంటే మొదటిసారి ‘కోసిన ముక్క’ అని పక్కన రాస్తే సరిపోతుంది. ‘ఫ్రాగ్’ అని మాత్రం ఉంచవద్దని నా మనవి; మన లిపిలో కప్పకూ దీనికీ ఒకటే రాత, మీ పిల్లలు కప్పనే చదువుకొంటారు.

చిన్న మాటలు మరి రెండు. ముక్క కింద ఉండే, పుట్టగొడుగు ఆకారపు సిరామిక్ బిళ్ళను ‘పీట’ అనవచ్చు. దాని కాడను రాతి కన్నంలో ‘దూరుస్తాం’. సూపర్ గ్లూను ‘జిగురు’ అనండి, ‘బంక’ అనకండి. బంక తుమ్మ చెట్టుకు కారేది.

పత్రిక పిల్లల చేతికి వెళ్తుంది కాబట్టి, మన దేశంలో రాతి పగడాలు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలు రక్షణలో ఉన్నాయని, సముద్రం నుంచి వాటిని తీయడం నేరమని ఒక మాట చేర్చండి. మీ వాక్యాన్ని ఇలా సవరించుకోవచ్చు: ‘తల్లి పగడం నుంచి కోసిన ముచ్చెను జిగురుతో అతికించి రాతి మీద నాటాడు; కొన్ని వారాలకు అది పట్టింది.’