‘చాలా’లో చ ఎలా పలకాలి? సిరొంచవాడి అనుభవం

‘చాలా’ని ‘త్సాలా’ అన్నట్టు పలికితే రూమ్మేట్లు నవ్వుతున్నారు, నాది తప్పా అని మీరు అడిగారు. తప్పు కాదు. ఇదే నవ్వు నేను హైదరాబాద్ హాస్టల్లో మూడేళ్లు భరించాను.

మాది సిరొంచ. గోదావరి వంతెన దాటితే కాళేశ్వరమే, కానీ మేముండేది మహారాష్ట్రలో, గడ్చిరోలి జిల్లా. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. దాంతో నేను ‘ౘుక్క’, ‘ౘాప’ (ఈ ౘని ‘త్స’లా చదవండి) అన్నప్పుడల్లా "మరాఠీ యాసరా నీది" అనేవాళ్లు, నేనూ నమ్మేసి అన్నిచోట్లా ఒకే ‘చ’ పలకడం ప్రాక్టీసు చేశాను. సెలవులకి ఇంటికెళ్లి, అన్నం దగ్గర "చాలవ్వా" అంటే మా అవ్వ గరిటె ఆపి "ఏందిరా పంతులు లెక్క మాట్లాడుతున్నవ్" అంది. ఆమె బడి మొహం చూడలేదు, మరాఠీ అంతంతమాత్రం, ఆమె నోట మాత్రం ఎప్పుడూ ‘ౘాలు’ అనే వస్తుంది. అంటే అది మరాఠీ యాస కాదు, మన తెలుగే!

అచ్చతెలుగు మాటల్లో చ తర్వాత అ, ఆ, ఉ, ఊ, ఒ, ఓ వస్తే నాలుక పళ్లకి తగులుతుంది: ౘాలు, ౘుట్టం, ౘొరవ. ఇ, ఈ, ఎ, ఏ వస్తే మామూలు చ: చీర, చెప్పు, చేప. ‘జ’కీ అంతే, జొన్నలో ఒకటి, జీలకర్రలో ఇంకొకటి. సంస్కృతం మాటలకి ఇది వర్తించదు, చంద్రుడు చంద్రుడే. ‘వచ్చాడు’లో ఆ ఉన్నా మామూలు చే, ఎందుకంటే అది ‘వచ్చినాడు’ కుదించుకుపోయిన మాట. ఈ పళ్ల చకి ౘ అని వేరే అక్షరమే ఉంది, 2008లో యూనికోడ్‌లోకి కూడా వచ్చింది, వాడేవాళ్లే లేరు. మరాఠీలోనూ రెండు చలూ ఉన్నాయి, ‘చాంగ్లా’లో పళ్ల చ, ‘చార్’లో మామూలు చ, రాసేది మాత్రం ఒకే అక్షరం.

నిజంగా మరాఠీ అంటుకున్న మాట నా దగ్గర వేరే ఉంది. జ్ఞానేశ్వర్‌ని అక్కడ ‘ద్న్యానేశ్వర్’ అంటారు, ఆ అలవాటులో క్లాసులో ‘జ్ఞాపకం’ని ‘ద్న్యాపకం’ అని చదివేశాను. దానికి నవ్వారంటే ఒప్పుకుంటా (నవ్వినవాళ్లలో సగం మంది ‘గ్యాపకం’ బ్యాచే అనుకోండి).

మీ రూమ్మేట్లని వాళ్ల అమ్మమ్మకి ఫోన్ చేసి ‘మంచం’, ‘మంచి’ రెండూ పలికించమనండి. స్పీకర్ ఆన్ చేసి.