రెండో డ్రాప్‌డౌన్ ఎందుకు మొండికేస్తోంది?

ప్రశ్న: ఏఎస్‌పీ డాట్ నెట్ వెబ్ ఫామ్స్‌లో (వెబ్ పేజీలు తయారుచేసే మైక్రోసాఫ్ట్ ఫ్రేమ్‌వర్క్) రెండు డ్రాప్‌డౌన్‌లు పెట్టాను. మొదటిదాంట్లో డిపార్ట్‌మెంట్ ఎంచుకుంటే రెండోదాంట్లో ఆ డిపార్ట్‌మెంట్ ఉద్యోగుల పేర్లు రావాలి. ఏది ఎంచుకున్నా పేజీ రీలోడ్ అయి మళ్లీ మొదటి డిపార్ట్‌మెంటే వచ్చి కూర్చుంటోంది. విసుగొచ్చి పేర్లను జావాస్క్రిప్ట్‌తో నింపాను. అవి బాగానే కనిపిస్తున్నాయి కానీ సేవ్ నొక్కగానే 'ఇన్‌వాలిడ్ పోస్ట్‌బ్యాక్ ఆర్ కాల్‌బ్యాక్ ఆర్గ్యుమెంట్' అంటోంది. ఏం చేయాలి?

జవాబు: రెండు గొడవలకీ మూలం ఒక్కటే. ఫామ్ సబ్మిట్ అయి పేజీ మళ్లీ సర్వర్‌కి వెళ్లినప్పుడు (దీన్నే పోస్ట్‌బ్యాక్ అంటారు) బ్రౌజర్ డ్రాప్‌డౌన్‌లోని జాబితా అంతా పంపదు, మీరు ఎంచుకున్న ఐటమ్ వాల్యూ ఒక్కటే పంపుతుంది, తెరమీద కనిపించే పేరు కూడా పంపదు. మిగతా జాబితా సంగతి సర్వర్‌కి ఎలా తెలుస్తుందంటే, పేజీలో కనిపించని ఫీల్డుగా తనే పెట్టి పంపిన వ్యూస్టేట్ తిరిగొస్తుంది కదా, అందులోంచి.

మీ కోడ్ చూడలేదు గానీ, పేజ్ లోడ్‌లో (పేజీ సర్వర్‌కి వెళ్లిన ప్రతిసారీ నడిచే కోడ్) డిపార్ట్‌మెంట్ల డేటాబైండ్ (డేటాతో లిస్టు నింపడం) ఏ షరతూ లేకుండా రాసి ఉంటారు. వెబ్ ఫామ్స్‌లో మీ ఎంపిక ముందే లిస్టులోకి ఎక్కుతుంది, తర్వాత పేజ్ లోడ్ నడుస్తుంది, ఆ తర్వాతే ఎంపిక మారిందని చెప్పే సెలెక్టెడ్ ఇండెక్స్ ఛేంజ్‌డ్ ఈవెంట్ వస్తుంది. మధ్యలో మీరు లిస్టును మళ్లీ బైండ్ చేస్తే పాత ఐటమ్స్‌తో పాటు ఎంపికా తుడిచిపెట్టుకుపోతుంది, ఈవెంట్ దగ్గరికి వచ్చేసరికి మిగిలేది మొదటి డిపార్ట్‌మెంటే. కాబట్టి ఆ బైండింగ్‌ను 'ఈజ్ పోస్ట్‌బ్యాక్ కాకపోతేనే' అనే ఇఫ్‌లో పెట్టండి, అంటే పేజీ మొదటిసారి తెరిచినప్పుడే నడవాలి. ఎంపిక మారగానే పేజీ తనే సర్వర్‌కి వెళ్లేలా మొదటి లిస్టుకి ఆటో పోస్ట్‌బ్యాక్ ట్రూ ఉంచి, ఉద్యోగుల లిస్టును ఆ ఈవెంట్‌లోనే నింపండి.

'ఎంచుకోండి' అనే ఐటమ్ పోకూడదని చాలామంది అపెండ్ డేటాబౌండ్ ఐటమ్స్ (పాత ఐటమ్స్‌ను ఉంచి కొత్తవి కలిపే సెట్టింగ్)ను ట్రూ చేస్తారు, అక్కడే ఇరుక్కుంటారు. డిపార్ట్‌మెంట్ మార్చినప్పుడల్లా కొత్త పేర్లు పాతవాటి కిందే చేరుతూ లిస్టు పెరిగిపోతుంది. దాన్ని ఫాల్స్‌గానే వదిలేసి, బైండ్ అయ్యాక ఐటమ్స్ డాట్ ఇన్సర్ట్‌తో సున్నా స్థానంలో 'ఎంచుకోండి' చేర్చుకోవడం నయం. వాల్యూగా ఉద్యోగి ఐడీ ఇవ్వండి, పేరు కాదు. ఒకే పేరున్నవాళ్లు ఇద్దరుంటే, మీరు రెండోవాళ్లను ఎంచుకున్నా సర్వర్‌కి మొదటివాళ్లే దొరుకుతారు. ఈ తప్పు నేనూ చేశాను, రెండు రోజులు డేటాబేస్‌ను తిట్టుకున్నాక గానీ తెలియలేదు.

ఇక జావాస్క్రిప్ట్ ఎర్రర్. పేజీని పంపేటప్పుడే ఏ వాల్యూలు తిరిగి రావచ్చో సర్వర్ రాసి పెట్టుకుంటుంది, దాన్నే ఈవెంట్ వాలిడేషన్ అంటారు. మీరు బ్రౌజర్లో చేర్చిన ఐడీ ఆ రాతలో లేదు, అందుకే గెంటేసింది. దాన్ని ఆఫ్ చేసేయమని ఎవరైనా చెబుతారు, చేయకండి. ఆఫ్ చేసినా ఎర్రర్ పోతుందే తప్ప పని జరగదు, ఎందుకంటే సర్వర్ దగ్గరున్న లిస్టులో ఆ ఐటమ్ లేదు కాబట్టి సెలెక్టెడ్ వాల్యూలో మీ ఎంపిక కనిపించదు, బ్రౌజర్ పంపిన వాల్యూలుండే రిక్వెస్ట్ డాట్ ఫామ్‌లోంచి మీరే తీసుకోవాలి, పైగా ఆ ఐడీ నిజంగా ఆ డిపార్ట్‌మెంట్‌దేనా అని డేటాబేస్‌లో చూసుకునే పనీ మీదే.

పేజీ మొత్తం రీలోడ్ కావడమే మీ బాధైతే రెండు లిస్టులనూ ఒక అప్‌డేట్ ప్యానెల్‌లో పెట్టి, అది పనిచేయడానికి కావాల్సిన స్క్రిప్ట్ మేనేజర్‌ను కూడా పేజీలో చేర్చండి. తెరమీద ఆ భాగం మాత్రమే మారుతుంది. సర్వర్‌లో మాత్రం పేజ్ లోడ్‌తో సహా అన్నీ మామూలుగానే నడుస్తాయి, కాబట్టి పైన చెప్పిన ఇఫ్ లేకపోతే ఇక్కడా అదే గొడవ, కాకపోతే రీలోడ్ లేకుండా.